సెల్లు ఎవరి చేతిలో ఉంది?

(మార్చి 8 సందర్భంగా నెల్లూరులో జరిగిన సభలో, తీరప్రాంతపు హైస్కూలు నుంచి రిటైరైన ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



"బడిలో టెక్నాలజీ" మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయంలో నాకున్న అర్హత ఒకటే. 35 ఏళ్ల సర్వీసులో నేను పనిచేసిన బళ్లకు వచ్చిన సామాను చాలావరకు సంతకం పెట్టి తీసుకున్నది నేనే. స్టాకు రిజిస్టరు రాయడం ఆడ టీచరు పని అని మన బళ్లల్లో ఎవరు నిర్ణయించారో తెలియదు గానీ, ఆ పని ఎప్పుడూ నాకే వచ్చేది. అందుకని ఈ రోజు ఆ రిజిస్టరులో రాయని సంగతులు నాలుగు చెప్తాను.

1988లో నాకు ఉద్యోగం వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులుండాలి, ఇద్దరు టీచర్లుండాలి, వీలైనంతవరకు వాళ్లలో ఒకరు ఆడమనిషై ఉండాలి అని ఆ పథకం. సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాళేనికి ఆ రెండో టీచరుగా వెళ్లాను. బకింగ్‌హామ్ కాలవ దాటి ఇసకలో నడిచి పోవాలి. కొన్నాళ్లకు పథకం తాలూకు పెట్టె వచ్చింది. గ్లోబు, పటాలు, అయస్కాంతాలు, సైన్సు సామాను, ఒక డోలక్. పిల్లలు ఆ పెట్టె చుట్టూ మూగి "టీచరమ్మా, తెరవండి, తెరవండి" అని గోల. తెరిచి చూపించాం, మళ్లీ మూశాం. ఏదైనా పగిలితే జీతంలో కోస్తారని మాకు భయం. ఆ పెట్టెకు తాళం వేసి తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో వేశాం. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం గ్లోబు బల్లమీదికి వచ్చేది. నాలుగేళ్ల తర్వాత నాకు బదిలీ అయినప్పుడు ఆ గ్లోబు కొత్తదానిలాగే ఉంది. రిజిస్టరులో "మంచి స్థితిలో ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అదే కాలంలో, అదే జిల్లాలో, ఇంకో చదువు నడుస్తూ ఉండింది. 1990 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం మొదలైంది. పగలు పిల్లలకు చెప్పి రాత్రిళ్లు వాళ్ల అమ్మలకు చెప్పేదాన్ని. మా దగ్గర ఉన్న యంత్రసామగ్రి అంతా ఒక లాంతరు, పలకలు, పల్చటి వాచకం. కానీ ఆ వాచకం ఎవరి ఒళ్లో వాళ్లకు ఉండేది. తాళం లేదు. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగుడితో పడే బాధ. ఆ పాఠం చెప్పిన రాత్రి నేను చెప్పింది తక్కువ, వాళ్లు చెప్పింది ఎక్కువ. అక్షరాలు కూడబలుక్కుంటూ మధ్యలో ఆగి, "ఇది మా ఇంటి సంగతేమ్మే, ఎవురు రాసినారు?" అని అడిగిందొక పెద్దావిడ.

తర్వాత కలిగిరి పక్కన దూబగుంటలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రోశమ్మగారూ ఆ ఊరి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారు. తర్వాత వాళ్లు చేసిన పనే వాచకంలో పాఠమై మిగిలిన ఊళ్లకు వెళ్లింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. వాచకం ఒక్కటే ఇదంతా చేసిందని నేననను. కూలి డబ్బులు సారాకొట్టుకు పోతుంటే కడుపు కాలిన ఆడవాళ్లు చేశారు. అయితే రాత్రిపూట ఆడవాళ్లంతా ఒకచోట కూర్చోవడానికి ఆ వాచకం ఒక సాకు ఇచ్చింది. "యాడికి పోతుండావు?" అని మొగుడు అడిగితే "చదువుకోడానికి" అని చెప్పి గడప దాటే హక్కు ఇచ్చింది. చదువు సామగ్రి ఏదైనా సరే, అప్పట్నుంచీ నేను ఈ లాంతరు పక్కన పెట్టి చూస్తాను.

హైస్కూలుకు ప్రమోషన్ మీద వచ్చాక కంప్యూటర్లు వచ్చాయి. ఒక గది, నేల మీద గచ్చు, కిటికీలకు కర్టెన్లు. మిగతా క్లాసుల్లో పెచ్చులూడుతుంటే ఆ గదికి మాత్రం రంగు వేశారు. ఒక్కో మిషను ముందు నలుగురైదుగురు. కీబోర్డు మీద చెయ్యి ఎప్పుడూ మగపిల్లాడిదే. ఆడపిల్లలు వెనక నిలబడి నోట్సు రాసుకునేవాళ్లు. "మౌస్ పట్టుకోవే" అంటే "వాడు పట్టుకున్నాడు గదా టీచర్" అనేవాళ్లు. ఒక నెల శనివారాలు ఆడపిల్లలకే అని పెట్టాను. మొదటివారం మగపిల్లల తండ్రి ఒకాయన వచ్చి గొడవ చేశాడు. ఆ శనివారాలే ఆ గదిలో నేను చూసిన అసలైన చదువు. ఇక ఆ కంప్యూటర్లు నేర్పించడానికి కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయి, డిగ్రీ చదివిన పిల్ల, నెలల తరబడి జీతం అందక మా స్టాఫ్‌రూంలోనే కళ్లు తుడుచుకునేది. కాంట్రాక్టు అయిపోయింది, ఆమెను వెళ్లిపొమ్మన్నారు. మిషన్ల మీద దుప్పటి కప్పారు. రిజిస్టరులో మళ్లీ నా సంతకం.

ఇక్కడొక మాట. మన తీరం టెక్నాలజీకి కొత్తదేమీ కాదు. చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే ఎగిరింది. మేం పిల్లల్ని బడి ఆవరణలో నిలబెట్టి ఆకాశంలో పొగగీత చూపించాం. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం యానాదులను దీవి ఖాళీ చేయించి పంపారు. ఆ కులం పిల్లలు మా క్లాసులో ఎప్పుడూ ఒకరో ఇద్దరో, అదీ రొయ్యలగుంటల దగ్గర కాపలాపని లేనప్పుడు. వాళ్లూ ఆ రోజు తలెత్తి చూశారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడం నాకు కష్టం.

2020 మార్చిలో బళ్లు మూసేశారు. ఏప్రిల్ నుంచి దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి పాఠాలు వచ్చాయి. తర్వాత పిల్లల్ని మూడు రకాలుగా విడగొట్టి లిస్టులు రాయమన్నారు. నెట్టూ ఫోనూ ఉన్నవాళ్లు హైటెక్, టీవీయో రేడియోనో ఉన్నవాళ్లు లోటెక్, ఏదీ లేనివాళ్లు నోటెక్. మనిషికి పెట్టే పేర్లేనా అవి! నేనూ రాశాను. తొమ్మిదో తరగతిలో నోటెక్ కింద పదకొండు పేర్లు. అందులో తొమ్మిది ఆడపిల్లలవి. ఇళ్లల్లో ఫోను లేక కాదు. ఫోను అన్నది, నాన్నది. నాన్న వేటకు పోతే ఫోనూ వేటకు పోతుంది. అన్న క్రికెట్‌కు పోతే ఫోనూ క్రికెట్‌కు పోతుంది. సర్వేలు చెప్పేదీ ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019-21) మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి దాదాపు 49 మంది. ఆడవాళ్లు 21 మంది.

వాట్సాప్ గ్రూపు పెట్టి రోజూ పాఠం పంపేదాన్ని. నా నెంబరు గ్రూపులో ఉంది కాబట్టి రాత్రి పదకొండుకు ఎవరెవరో మగవాళ్లు ఫోన్ చేసేవాళ్లు. "పిల్లోడి సందేహం టీచర్" అని మొదలుపెట్టి ఇంకేదేదో. మా స్టాఫ్‌రూంలో ఆడవాళ్లందరికీ ఈ అనుభవం ఉంది. ఒకరమూ బయటికి చెప్పలేదు.

ఆ పదకొండు మందిలో ఒక పిల్ల ఉంది. పేరు చెప్పను. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది. జూలైలో ఒకరోజు ఎవరిదో ఫోను నుంచి నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది. నేను తిరిగి చేస్తే ఒక మగగొంతు "ఎవురు?" అంది. పెట్టేశాను. రాత్రి ఫోన్లతో విసిగిపోయి ఉన్నాను, ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. లిస్టులో ఆ పిల్ల పేరు పక్కన "అందుబాటులో లేదు" అని రాశాను. ఆ ఊరు మా బడికి నాలుగు కిలోమీటర్లు. వెళ్లవచ్చు. జబ్బు భయం ఉంది, నిజమే. కానీ ఆగస్టులో సంతకాలు తీసుకోవడానికి వేరే ఊరికి వెళ్లాను కదా.

నవంబరు 2న తొమ్మిదీ పదీ తరగతులు తెరిచారు. పిల్ల రాలేదు. రొయ్యల తలలు తీసే షెడ్డులో కొన్నాళ్లు పనికి పోయిందట. సెప్టెంబరులో పెళ్లి చేశారట. బడి ఉంటే ఏదో సాకు చెప్పి ఇంకో ఏడాది ఆపేదాన్నని వాళ్లమ్మే నాతో అంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం నాకు కంఠతా వచ్చు. పిల్లలకు పాఠం చెప్పాను. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. ఆ లెక్కలోకి చేరబోయే ఒక పిల్ల నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది. ఎందుకిచ్చిందో నేను కనుక్కోలేదు.

ఆ నెలలోనే షాద్‌నగర్ అమ్మాయి, ఢిల్లీలో లేడీ శ్రీరాం కాలేజీలో చదివే పిల్ల, ఇంటి దగ్గర ప్రాణం తీసుకుందని పేపర్లో చదివాం. ఆన్‌లైన్ క్లాసులకు లాప్‌టాప్ లేదు, స్కాలర్‌షిప్ అందలేదు, ఇంటికి భారమయ్యానని బాధపడింది. అంతవరకు చదివిన పిల్ల గతే అట్లా ఉంటే మా పాళెం పిల్ల గురించి అడిగేదెవరు?

2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా. బైజూస్ పాఠాలు నెట్ లేకుండా చూసుకునేటట్టు అందులో వేసి ఇచ్చారు. నన్నడిగితే ఆ పంపకంలో ఒక మంచి ఉంది. ఆడపిల్ల పేరు మీద ఆడపిల్ల చేతికి ఒక వస్తువు వచ్చింది. సైకిలు తర్వాత అదే. సంతకం పెట్టి ట్యాబు తీసుకున్న రోజు మా క్లాసు ఆడపిల్లల ముఖాలు చూస్తే నాకు ఆ పాత పెట్టె గుర్తొచ్చింది. ఈసారి తాళం లేదు అనుకున్నాను.

నెల తర్వాత "మీ ట్యాబులు తెండి" అంటే మగపిల్లలు తెచ్చారు, ఆడపిల్లల్లో సగంమంది తేలేదు. "అన్న తీసుకున్నాడు." "నాన్న బీరువాలో పెట్టినాడు, చెడిపోతానంట." ట్యాబు చెడిపోతుందని కాదు, పిల్ల చెడిపోతుందని. తాళం ఊళ్లో ఉంది, ఇంట్లో ఉంది. ఇక ఆ పాఠాలు తయారుచేసిన కంపెనీ 2024 జూలైలో దివాలా విచారణలోకి పోయింది. పదమూడేళ్ల పిల్ల చదువు ఒక కంపెనీ లాభనష్టాలకు ముడిపెట్టవచ్చునా అని ఆ పంపకం రోజున సభల్లో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

క్లాసులో గోడకు పెద్ద తెరలు కూడా వచ్చాయి. గుండె పనిచేసే తీరు, కిరణజన్య సంయోగక్రియ కదిలే బొమ్మల్లో చూపిస్తే పిల్లలు కళ్లప్పగించి చూసేవాళ్లు. దాన్ని తక్కువచేసి మాట్లాడను. కానీ ఆ రోజుల్లో టీచరు చేతిలోని సెల్లు మాత్రం పాఠానికి కాదు. మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్నభోజనం ఫోటో, 2022 ఆగస్టు నుంచి హాజరు కోసం మా ముఖం ఫోటో. సిగ్నల్ కోసం ప్రహరీగోడ ఎక్కినంత పని. మరుగుదొడ్డి కడగడానికి మనిషి లేదు, నీళ్లు లేవు, ఫోటో మాత్రం ఉంది. నెలసరి వచ్చిన పిల్ల ఇంటికి పోతానంటే పంపించాం, ఆ ఖాళీ ఫోటోలో కనపడదు.

ఆడపిల్ల చేతిలో ఫోను గురించి కేరళలో ఒక పిల్ల కోర్టుకు పోయింది. హాస్టల్లో రాత్రిపూట కొన్ని గంటలు ఫోను అప్పజెప్పాలని నియమం. అప్పజెప్పనన్నందుకు బయటికి పంపేశారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆ పిల్లను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుకోవడం విద్యాహక్కులోనూ ఆంతరంగికత హక్కులోనూ భాగమని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రోజుల్లో మా బడిలో మేం ఆడపిల్లల సంచులు వెతికి ఫోన్లు లాక్కుంటూ ఉన్నాం. మగపిల్లల జేబులు వెతకలేదు.

రిటైరయ్యాక ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. అయిదేళ్లు ఆలస్యంగా. ఇద్దరు బిడ్డలు. నన్ను చూసి ముందు చాప వేసింది, తర్వాత టీ పెట్టింది, ఒక్క మాటా నిష్ఠూరంగా అనలేదు. మిస్డ్ కాల్ సంగతి నేనే అడిగాను. "లెక్క ఒకటి రాలా టీచరమ్మా, దానికే చేసినా" అంది. నిజమో, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక అన్నదో తెలియదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడతావా అంటే మొగుడి వైపు చూడకుండానే కడతానంది.

దరఖాస్తుకు ఇద్దరం ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాం. ఆధార్‌కు ఉన్న నెంబరుకు ఓటీపీ వస్తుందన్నాడు అక్కడి అబ్బాయి. ఆ నెంబరు మొగుడిది. మొగుడు బోటు మీద సముద్రంలో ఉన్నాడు. పది నిమిషాల్లో ఓటీపీ గడువు అయిపోయింది. మొగుడు ఒడ్డుకు వచ్చాక మళ్లీ వెళ్లాం. సమాచారానికి ఏ నెంబరు ఇవ్వాలంటే ఈసారి నాది ఇచ్చింది. హాల్‌టికెట్ సంగతి నా సెల్లుకు వస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నేను బస్సెక్కి పాళెం పోవాలి.