బోరు కంటే ముందు గుంత
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ఎజెండాలో మన సంఘ భవనం బోరును ఇంకా లోతు చేయించే అంశం ఉంది. మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసినవాడిని కనుక నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ముందుగా ఒక బహుమతి సంగతి మనవి చేస్తాను.

స్వీడన్ దేశంలో 1991 నుండి ఏటా స్టాక్‌హోం జల పురస్కారం ఇస్తున్నారు. నీటి రంగంలో ఇది నోబెల్ అంతటిదని పేరు. 1993లో ఇంజనీరు మాధవ్ చితలే గారికి, 2015లో రాజస్థాన్‌లో కృషి చేసిన రాజేంద్ర సింగ్ గారికి లభించింది. సింగ్ గారు చదివింది ఇంజనీరింగు కాదు, ఆయుర్వేదం. ప్రభుత్వోద్యోగం వదులుకుని, వైద్యం చేద్దామని, చదువు చెబుదామని 1985లో ఆల్వార్ జిల్లా పల్లెలకు వెళ్లారు. ముందు కావలసింది నీళ్లని అక్కడి పెద్దలు చెప్పారు. దాంతో ఆయన పలుగూ పారా పట్టారు.

వారు కట్టిన జోహడ్ కొత్త వింతేమీ కాదు. వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో వేసిన మట్టికట్ట, మన కుంట వంటిదే. వాననీరు అక్కడ నిలిచి, నెమ్మదిగా భూమిలోకి ఇంకి, దిగువ బావుల్లో ఊరుతుంది. ఊరివాళ్లే శ్రమదానం చేసి కట్టుకున్నారు. కొన్నేళ్లకు ఎండిపోయిన అర్వరీ నది మళ్లీ పారింది. 1999లో ఆ తీర గ్రామాలు నదీ సంసద్ ఏర్పరచుకున్నాయి. చెరకు వంటి, నీరు ఎక్కువ తాగే పైర్లు వద్దని కట్టుబాటు చేసుకున్నాయి. నీళ్లు వచ్చాక కూడా పొదుపు మరవకపోవటమే అసలు గొప్ప.

ఇక మన విషయం. మనం వంద అడుగులు దిగితే పక్కవారు రెండు వందలు దిగుతారు. పైనుండి చేరేది లేనప్పుడు పెరిగేది ఖర్చే. తలకింతని చందా వేస్తే ఫ్యామిలీ పెన్షనుతో నెట్టుకొచ్చే సోదరీమణులకు ఎంత భారమో ఆలోచించండి.

100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే 1000 లీటర్లు. ఇప్పుడదంతా మురుగుకాలువ పాలు. డాబా గొట్టాలను బోరు పక్కన ఇంకుడు గుంతకు కలుపుదాం. గులకరాళ్లు, ఇసుక వేసి, ఏటా వానలకు ముందు శుభ్రం చేయిద్దాం. మొదటి ఏడే బోరు పొంగుతుందని నేను హామీ ఇవ్వను. రాతి నేలలో నీరు నిదానంగా ఇంకుతుంది. కానీ మన తర్వాత ఈ భవనంలో కూర్చునేవారికి నీళ్లుండాలి కదా!

పని పర్యవేక్షణ బాధ్యత నాది. బోరు సంగతి రెండు వానాకాలాల తర్వాత చూద్దామని, ముందు గుంతకు తీర్మానం చేయవలసిందిగా సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.