రాత్రి పది గంటల పాట
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



మేము వక్తలము కాము. ఖుర్దారోడ్డు స్టేషనులో పార్సిళ్ల లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలము. సంగీతమును గురించి మాట్లాడే పాండిత్యము మాకు లేదు. ఒక పాట మా యింటికి చేసిన మేలును మాత్రము మనవి చేసుకొంటాము.

మా నాన్నగారు 2023లో కాలము చేసినారు. పలాసలో ఒంటరిగా మిగిలిన అమ్మను మా రైల్వే క్వార్టరుకు తెచ్చుకొన్నాము. అమ్మకు ఒడియా రాదు. మా ఆరేండ్ల అమ్మాయికి బడిలోని ఒడియా, ఇంగ్లీషులే నోట నిలిచినవి. నాయనమ్మ ఏదైనా అడిగితే పిల్ల మా ముఖము చూచేది. క్రమముగా అమ్మ మాటలు తగ్గించినది. పిమ్మట నిద్రయు తగ్గినది. రాత్రులు మంచము మీద కూర్చుండి వచ్చే పోయే బండ్ల చప్పుడు వింటూ ఉండేది. ఒకనాడు, "నన్ను పలాస బండి ఎక్కించేయరా బాబూ" అన్నది. మాకు నోట మాట రాలేదు.

ఆ వారములోనే నాన్నగారి పెట్టె సర్దుతుండగా పాత ట్రాన్సిస్టరు దొరికినది. తెలుగేమైనా పలుకుతుందేమోనని కొత్త బ్యాటరీలు వేసి ముల్లు త్రిప్పినాము. తెలుగు దొరకలేదు గాని, వివిధభారతి దొరికినది. సరిగా రాత్రి పది గంటలు. 'ఛాయాగీత్' అనే కార్యక్రమము మొదలైనది. అనౌన్సరు తానే పాత సినిమా పాటలను ఏరి, నడుమ నడుమ మెల్లగా నాలుగు మాటలు చెపుతూ అరగంట నడిపించినారు. హడావిడి లేదు, కేకలు లేవు. ఇల్లంతా నెమ్మదించినది. కట్టబోతే, హిందీ రాని అమ్మ "ఉండనీరా" అన్నది. నాటి నుండి మా యింట అది నియమమైనది.

ఒక రాత్రి హిందీ 'సువర్ణసుందరి'లో లతామంగేష్కరు, రఫీ పాడిన వసంతగీతము వచ్చినది. అమ్మ దిగ్గున లేచి కూర్చుండి, ఆ వరుసకే తెలుగు మాటలు కలిపి పాడసాగినది! 1957లో వచ్చిన తెలుగు 'సువర్ణసుందరి'లో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక అదే. రెంటికిని సంగీతము మన ఆదినారాయణరావుగారిదే. చిత్రమేమనగా, వివిధభారతి పుట్టినదియు ఆ యేడే, అక్టోబరు 3న. అంతకు ముందు కొన్నేండ్లు ఆకాశవాణిలో సినిమా పాటలు కరవై, జనము రేడియో సిలోను పట్టుకొనేవారట.

పాట ముగియగానే మా అమ్మాయి నాయనమ్మ ఒడిలో చేరి, "ఆమని అంటే ఏమిటి?" అని తెలుగులో అడిగినది. "వసంతమే తల్లీ, ఉగాదిని వెంటబెట్టుకొని వచ్చేది" అని అమ్మ మామిడిచిగురు, కోయిల, వేపపువ్వుల కబుర్లు ఎత్తుకొన్నది. ట్రాన్సిస్టరు మేమే కట్టినాము. వారి కబుర్లు సాగుతూనే ఉన్నవి.

ఇప్పుడును అమ్మ అప్పుడప్పుడు పలాస వెళ్తానంటుంది. అయితే తిరుగు టిక్కెట్టు కూడ తీయమంటుంది.

సోదరులారా! మన పెద్దలు మౌనముగా ఉంటే మాటలు మరచినారనుకొన్నాము. అది మా పొరపాటు. అడిగేవారు లేక ఊరకున్నారు. మన సంఘము సభలు జరుపుతున్నది, మంచిదే. ఇంటికి వెళ్లిన తరువాత రోజూ ఒక అరగంట మన పెద్దల ప్రక్కన కూర్చుందాము. పిల్లలను కూడ కూర్చుండబెట్టుదాము.