కూలి లేని పని – కాగితం లేని ఆజ్ఞ

(పట్టభద్రులైన యువతీయువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ఫైళ్ళ నడుమనే తల నెరిసి, పదవీ విరమణ చేసినవారము. విద్వాంసులము కాము. కాని ఒక ఉత్తర్వును చేతికి తీసుకొని అందులో ఏమున్నదో, ఏమి లేదో చూచే అలవాటు మాకు వృత్తి నేర్పినది. ఆ అలవాటుతోనే నేడు బ్రిటన్‌లో జరిగిన ఒక వ్యాజ్యాన్ని మీ ముందు విప్పి చెప్పదలచినాము. పరాయి దేశపు వ్యాజ్యం మనకెందుకని అనుకోవద్దు. "ముందు కొన్ని నెలలు ఊరికే పని చేయండి, అనుభవం వస్తుంది" అన్న మాట విన్న బిడ్డలు ఈ సభలో ఎందరో ఉన్నారు.

బ్రిటన్‌లో ఉద్యోగం వెదకుకొనే నిరుద్యోగికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. దానిని జాబ్‌సీకర్స్ అలవెన్స్ అనేవారు. భృతి తీసుకొనేవారు శ్రద్ధగా ఉద్యోగం వెదకాలన్నది షరతు. అందులో అన్యాయమేమీ లేదు. కాని 2011లో అక్కడి ప్రభుత్వం మరొక నియమావళిని తెచ్చినది. అధికారులు పంపిన చోట జీతం లేకుండా పని చేయాలి. కాదంటే భృతి ఆగిపోతుంది. శిక్షణ, పని అలవాటు అన్నవి దానికి చెప్పిన కారణాలు.

కేట్ రైలీ అనే యువతి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి పట్టా పొందినది. మ్యూజియంలో ఉద్యోగం ఆమె ఆశయం. భృతి మీద ఉంటూనే, అనుభవం కొరకు స్వచ్ఛందంగా ఒక చిన్న మ్యూజియంలో సేవ చేస్తూ ఉండినది. 2011 నవంబరులో ఆమెను ఆ సేవ మాన్పించి, పౌండ్‌ల్యాండ్ అనే చౌక సరుకుల దుకాణానికి పంపినారు. సుమారు రెండు వారాలు అరలలో సరుకు సర్దడం, నేల ఊడ్వడం ఆమె పని. జీతం లేదు. వెళ్ళకపోతే భృతి పోతుందని ఆమెకు చెప్పినారు. నిజానికి ఆ పథకంలో చేరడం మొదట ఆమె ఇష్టానికి విడిచిన విషయమే. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గుమాస్తా బుద్ధితో చిన్న లెక్క వేద్దాము. ఆనాడు అక్కడ కనీస వేతనం గంటకు 6 పౌండ్ల 8 పెన్నీలు. ఇరవై ఐదేళ్ళ లోపు వారికి భృతి వారానికి 53 పౌండ్ల 45 పెన్నీలు. అంటే వారం భృతి మొత్తం తొమ్మిది గంటల కూలికైనా సరిపోదు. మిగిలిన గంటల శ్రమ ఎవరికి చేరినది? లాభం కొరకు నడిచే దుకాణానికి చేరినది.

జేమిసన్ విల్సన్ అనే లారీ డ్రైవరు కథ ఇంకొకటి. వారానికి 30 గంటల వరకు, ఆరు నెలల పాటు పాత ఫర్నిచరు బాగుచేసే పని జీతం లేకుండా చేయమన్నారు. ఆయన నిరాకరించినాడు. భృతి నిలిచిపోయినది. ఈ ఇద్దరూ న్యాయస్థానానికి వెళ్ళినారు.

రైలీని పనికి నామోషీ పడే పిల్లగా కొందరు పాలకులు, పత్రికలవారు చిత్రించినారు. ఆమె ఆ తరువాత ఒక సూపర్ మార్కెట్‌లోనే జీతానికి పని చేసినది. ఆమె అభ్యంతరం చీపురు మీద కాదు, కూలి ఎగవేత మీద.

2013 ఫిబ్రవరి 12న అప్పీలు కోర్టు ఆ నియమావళి చెల్లదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరం అక్టోబరు 30న బ్రిటన్ సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. అయితే ఇది బలవంతపు చాకిరి అన్న వాదనను న్యాయమూర్తులు అంగీకరించలేదు. నియమావళి మరొక కారణం మీద వీగిపోయినది. ఏ పథకమో దాని వివరం నియమాలలో ఉండాలని చట్టం కోరినది. ప్రభుత్వం ఆ వివరం వ్రాయలేదు. విల్సన్‌కు ఇచ్చిన నోటీసు కూడా చట్టం కోరిన విధంగా లేదని న్యాయస్థానం తేల్చినది. ఒక మహా ప్రభుత్వం, సోదరులారా, కాగితం దగ్గర ఓడిపోయినది.

ప్రభుత్వం ఊరుకున్నదా? భృతి కోల్పోయినవారికి తిరిగి చెల్లించవలసి వస్తే 13 కోట్ల పౌండ్ల వరకు భారం పడుతుందని లెక్కగట్టి, 2013 మార్చిలోనే పాత తేదీ నుండి వర్తించే చట్టం చేసినది. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాల కాళ్ళు విరిచే ఆ చట్టం న్యాయమైన విచారణ హక్కుకు విరుద్ధమని 2014లో హైకోర్టు ప్రకటించినది. 2016లో అప్పీలు కోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టినది. గెలిచిన తరువాత కూడా కాపలా కాయవలసి ఉంటుందని దీనివలన తెలుస్తున్నది.

ఇక మన దేశానికి వద్దాము. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి ఎట్లా ఉండేదో మన పెద్దలు చెప్పగా విన్నాము. అటువంటి చాకిరిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించినది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్న తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరియే అన్నది. కర్ర చూపితేనే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారాంశం. ఈ విషయంలో మన న్యాయస్థానం బ్రిటన్ కన్న ముందే, ఎక్కువ దూరమే నడిచినది.

మన దగ్గర కూడా భృతికి పనిని ముడిపెట్టడం మొదలైనది. రాజస్థాన్‌లో నిరుద్యోగ పట్టభద్రుల భృతికి 2022 జనవరి నుండి ప్రభుత్వ కార్యాలయంలో రోజుకు నాలుగు గంటల ఇంటర్న్‌షిప్‌ను షరతు చేసినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరిట నెలకు 1000 రూపాయల భృతి మొదలై కొద్దికాలమే నడిచినది. రేపు ఏ ప్రభుత్వం భృతి ఇచ్చినా దాని వెంట ఏ షరతు వస్తుందో మనం చూడవలసి ఉంటుంది.

మన సమాజానికి ఇది మరీ ముఖ్యం. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఇరవై ఏళ్ళు నిండిన ముస్లిములలో పట్టా గాని, డిప్లొమా గాని ఉన్నవారు 4 శాతం కన్న తక్కువ. ఆ తరువాత బి.సి.-ఇ రిజర్వేషను వలన మన ఇళ్ళలో మొదటి పట్టాలు వచ్చినవి. ఉన్నవారి బిడ్డ ఆరు నెలలు జీతం లేకుండా పని చేయగలడు. దర్జీ బిడ్డ ఆ ఆరు నెలలు ఏమి తిని పని చేయాలి?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా పేటలో ఒక దర్జీ కుమార్తె బీకాం పూర్తి చేసినది. ఒక ప్రైవేటు కార్యాలయంలో జీతం లేని శిక్షణ ఉన్నదంటే, "వెళ్ళమ్మా, అనుభవం వస్తుంది" అని చెప్పి పంపినది మేమే. ఐదు నెలలు లెక్కలు వ్రాసినది. ఆటో ఖర్చు తండ్రి భరించినాడు. చివరకు అనుభవ పత్రం అడిగితే, "నీవు మా ఉద్యోగివి కావు" అన్నారు. మా ఇంటికి వచ్చినప్పుడు, "చేరిన నాటి కాగితం ఏదమ్మా?" అని అడిగినాము. "కాగితం ఏదీ ఇవ్వలేదు చాచా" అని తల వంచుకొన్నది. తల వంచవలసినది ఆ బిడ్డ కాదు. జీవితమంతా కాగితాలతో బ్రతికిన మేము, కాగితం అడిగి చేరమని ఆ నాడు ఒక్క మాట చెప్పలేదు.

కనుక మా విన్నపం ఇది. శిక్షణకు మనం వ్యతిరేకులము కాము. అప్రెంటిస్ చట్టం, 1961 కింద చేరినవారికి స్టైపెండు ఇవ్వడం యజమాని విధి. అటువంటి అవకాశాలను వెదకి చేరండి. ఎక్కడ చేరినా ముందుగా వ్రాతపూర్వకంగా అడగండి: ఏ పథకం కింద, ఏ పని, ఎన్ని గంటలు, ఎంత కాలం, ఎంత స్టైపెండు, చివర ఏ ధ్రువపత్రం, మానివేస్తే ఏమవుతుంది? ప్రభుత్వ పథకమైతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. హాజరైన రోజులను మీ పుస్తకంలో వ్రాసుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి.

దరఖాస్తు వ్రాయడం రానివారికి, వచ్చిన ఉత్తర్వు అర్థం కానివారికి మేము ప్రతి ఆదివారం జుహర్ నమాజు తరువాత మా ఇంటి వరండాలో కూర్చొని వ్రాసి పెడతాము, చదివి చెబుతాము. మాతోపాటు పదవీ విరమణ చేసిన గుమాస్తాలు ప్రతి ఊరిలో ఉన్నారు. వారు కూడా కలం తీయాలని కోరుతున్నాము. చెమట ఓడ్చినవాని కూలి ఎగవేయడం ఎంత పాపమో ఈ సభకు మేము వేరుగా చెప్పనవసరం లేదు. మన బిడ్డ తన కూలిని తాను అడగడానికి సిగ్గుపడకుండా చూడడం మన బాధ్యత.