స్వస్థుడెవరు?



ఇరువురు ఎదురుపడినపుడు "ఆరోగ్యము బాగున్నదా?" అని అడుగుట మనకు వాడుక. జ్వరము లేకున్నచో, నొప్పి లేకున్నచో "బాగున్నది" అని చెప్పుదుము. రోగము లేకుండుటయే ఆరోగ్యమా? నేడు ఈ విషయమును కొంచెము విచారింతము.

మన పూర్వులు ఆరోగ్యవంతుని "స్వస్థుడు" అనిరి. స్వ అనగా తాను. స్థ అనగా నిలిచియున్నవాడు. తనయందు తాను నిలిచినవాడే స్వస్థుడు. సుశ్రుతసంహిత సూత్రస్థానము 15వ అధ్యాయమున వీని లక్షణము చెప్పబడినది. వాతపిత్తకఫములు సమముగ నుండవలెను. జఠరాగ్ని సమముగ నుండవలెను. రసరక్తాది సప్తధాతువులును, మలవిసర్జనమును క్రమము తప్పరాదు. దేహమునకు సంబంధించినంతవరకు ఇది చాలును. కాని శాస్త్రము అక్కడ ఆగలేదు. ఆత్మయు, ఇంద్రియములును, మనస్సును ప్రసన్నముగ నుండవలెనని కూడ చేర్చినది. 1948లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళియు రోగము లేనంతమాత్రమున ఆరోగ్యము కాదనియే చెప్పినది.

ఈ శ్లోకమును మేము బాల్యముననే పాఠశాలలో వల్లించితిమి. అర్థము మాత్రము డెబ్బది యేండ్లు దాటిన పిదప తెలిసినది. మాకు మధుమేహము కలదు. ఒక ఏకాదశినాడు ఉదయము మాత్ర వేసికొని, పాలుగాని పండుగాని ముట్టక పారాయణమునకు కూర్చుంటిమి. ఇంటివారు బ్రతిమాలిరి, వినలేదు. మధ్యాహ్నమునకు చెమటలు పట్టి, కన్నులు చీకట్లు క్రమ్మి, గ్రంథముపైననే ఒరిగిపోతిమి. రక్తములో చక్కెర మిక్కిలి పడిపోయినదని వైద్యుడు చెప్పెను. మా మనుమని యీడువాడు. తేరుకొనిన పిదప "తాతగారూ, రోగి కూడ ఇట్లు పస్తుండవలెనని శాస్త్రములో ఉన్నదా?" అని వినయముగ అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఏలయనగా, లేదు. జలము, మూలము, ఫలము, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అను ఎనిమిదియు వ్రతభంగము కావని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. ఇతరులకు ఎన్నిమారులో చెప్పినదే! ఆనాడు ఔషధమును గ్రహించి, పాలను ఫలమును విడిచితిమి. అది భక్తి కాదు. "ఈ వయస్సునను ఉపవాసము చేయగలము" అను అభిమానము. ఆనాడు మా దేహమెంత అస్వస్థమో మనస్సును అంతే అస్వస్థము.

కుమారసంభవము పంచమ సర్గలో బ్రహ్మచారి వేషమున వచ్చిన పరమేశ్వరుడు, ఘోరతపస్సు చేయుచున్న పార్వతీదేవిని, శక్తికి తగినట్లే తపమాచరించుచున్నావా అని కుశలమడుగును. ధర్మాచరణమునకు మొదటి సాధనము శరీరమే యని ఆ సందర్భముననే గుర్తుచేయును. జగన్మాతకే ఆ ప్రశ్న తప్పనపుడు మనమెంత?

కావున రోగమున్నవారు నిరుత్సాహపడనక్కరలేదు. మాత్ర వేసికొనుచు, పథ్యము పాటించుచు, తన శక్తిని తానెరిగి, ప్రసన్నమనస్సుతో స్వామిని స్మరించువాడు స్వాస్థ్యమునకు చేరువగనే యున్నాడు. కండలు తిరిగిన దేహముండియు అసూయతో నిద్రపట్టనివాడు దానికి దూరముగ నున్నాడు. ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుడు. ఆయన చెప్పినదానిని గురువాక్యముగ గ్రహింపుడు. ఇప్పుడు మేము ఏకాదశినాడు వేళకు పాలును పండును స్వామికి నివేదించి స్వీకరించుచున్నాము. పారాయణము ఆగలేదు.

ఆరోగ్యప్రదాతయగు శ్రీ సూర్యనారాయణస్వామి మీకందరకును దేహబలమును, మనఃప్రసాదమును అనుగ్రహించుగాక! స్వస్తి.