చీలిన నగరము – స్నేహధర్మము



1947కు పూర్వము సూర్యాపేట, కోదాడల నడుమనున్న మునగాల పరగణా, నైజాము రాజ్యమధ్యమున ఆంగ్లేయుల కృష్ణాజిల్లాకు చెందియుండెడిది. ఊరి పొలిమేరయే రాజ్యపు సరిహద్దగుట మన పెద్దలెఱిగినదే.

ప్రపంచయుద్ధానంతరము వియన్నా నగరము 1955 వఱకు నాలుగు రాజ్యముల అధీనమున చీలియుండెను. అచట నడచిన కథయే 1949 నాటి నలుపు తెలుపు చిత్రము 'ది థర్డ్ మ్యాన్'. అందు హారీ లైమ్ కల్తీ పెన్సిలిను అమ్మి పసిబిడ్డలను బలిగొనును. వానిని పట్టుటకు అధికారులు వాని మిత్రుడు మార్టిన్సునే ఎరగా నుంతురు.

విశాఖదత్తుని 'ముద్రారాక్షసము'న చాణక్యుడు పన్నిన పన్నుగడయు నిట్టిదే. రాక్షసమంత్రిని లోబఱచుకొనుటకై అతని మిత్రుడు చందనదాసుని చెఱబట్టించెను. మిత్రుని ప్రాణము నిలుపుటకు రాక్షసుడు తానే వచ్చి లొంగెను. మార్టిన్సో, ఆ బిడ్డలను కన్నులార చూచిన పిమ్మట, మిత్రుని పట్టియిచ్చుటకు సమ్మతించెను.

ఇరువురిలో ధర్మము తప్పినవాడెవ్వడు? ఎవ్వడును కాడు. చందనదాసుడు నిరపరాధి, లైమ్ పాపి. స్నేహము నిరపరాధికి కవచము కావలెను గాని పాపికి మఱుగు కారాదు. రచ్చబండకడ సాక్ష్యము పలుకునపుడు మనమును దీనిని మఱవకుందుముగాక!