ఆషాఢపు గాలి, అప్పు లెక్క



అనంతపురంలో నిలబడి గాలి గురించి చెప్పబోవడం సాహసమే. ఆషాఢం వస్తే మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింట్లో వెతుక్కునే ఊరు ఇది. నైరుతి గాలి తన తడి చాలావరకు పడమటి కనుమల దగ్గరే కురిపించేసి, మన దగ్గరికి ఒట్టి చేతులతో వస్తుంది. మబ్బుల్ని ఎత్తుకుపోతోందని మన పెద్దలు తిట్టుకున్న ఆ గాలే ఇప్పుడు సీమ కొండల మీద కరెంటు ఇస్తోంది. రాష్ట్రంలో 4,000 మెగావాట్లకు పైగా పవన విద్యుత్ సామర్థ్యం ఉంటే, అందులో సింహభాగం రాయలసీమదే. దేశం మొత్తం మీద 2025 మార్చి నాటికి 50,000 మెగావాట్లు దాటాం.

గాలి ఉంటే చాలదు, దాన్ని కొలవాలి. గాలిలో ఉండే శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో పెరుగుతుందని, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు పరీక్షల్లో రాసే ఉంటారు. దాని అసలు అర్థం బ్యాంకులో తెలుస్తుంది. వేగాన్ని పది శాతం ఎక్కువగా కొలిచామంటే, శక్తి లెక్క మూడో వంతు ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బిన లెక్క మీద అప్పు ఇచ్చినవాడూ తెచ్చుకున్నవాడూ ఇద్దరూ మునుగుతారు.

ఈ దేశంలో గాలిని ఓపికగా కొలిపించిన మనిషి అన్నా మణి. వాతావరణ శాఖలో పెద్ద పదవి చేసి 1976లో పదవీ విరమణ పొందాక, ఇక విశ్రాంతి అనుకోకుండా దేశమంతటి గాలి లెక్కల పని మీద కూర్చున్నారు. 1983లో ఆ వివరాలు పుస్తకంగా వచ్చాయి. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి సిద్ధాంత గ్రంథం సమర్పించినా, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. పట్టాల పండగ రోజున ఈ మాట చెప్పడం మర్యాద కాదేమో, అయినా చెప్పాలనిపించింది.

ఇక డబ్బు సంగతి. బొగ్గు కేంద్రానికి ఏటేటా బొగ్గు కొనాలి. గాలిమరకు కొనాల్సిందేమీ లేదు, కానీ పాతికేళ్ల ఖర్చులో చాలా భాగం మొదటి రోజే పెట్టాలి. అందులో సుమారు డెబ్బై శాతం అప్పు. కాబట్టి యూనిట్ ధరను గాలి ఎంత తేలుస్తుందో వడ్డీ కూడా అంతే తేలుస్తుంది. ఒకే యంత్రం, ఒకే గాలి ఉన్నా వడ్డీ ఎక్కువున్న దేశంలో కరెంటు ఖరీదవుతుంది. వర్ధమాన దేశానికి అసలు చిక్కు ఇదీ. మనకు గాలి కరువు లేదు, చౌక అప్పు కరువు.

దీనికి మన రాష్ట్రమే సాక్ష్యం. ఒకప్పుడు ఇక్కడ యూనిట్‌కు 4 రూపాయల 84 పైసల దాకా ఇస్తామని పాతికేళ్ల ఒప్పందాలు కుదిరాయి. 2017లో దేశంలో వేలం పాటలు మొదలయ్యాక, ఫిబ్రవరిలో 3.46 పలికిన ధర డిసెంబరుకు గుజరాత్‌లో 2.43కు పడిపోయింది. 2019లో మన ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడి 2.43కే ఇమ్మంది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఒప్పందంలోని ధరే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తేల్చింది. నష్టాల్లో ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థల బాధ నాకు తెలుసు, అది నటన కాదు. అయినా సంతకం పెట్టిన కాగితాన్ని తిరగదోడితే, రేపు ఇక్కడికి వచ్చే ప్రతి ప్రాజెక్టుకూ బ్యాంకు వడ్డీ పెంచి అడుగుతుంది. ఆ పెంపు చివరికి మన ఇంటి కరెంటు బిల్లులోనే తేలుతుంది. మిగిల్చామనుకున్నది అక్కడ పోతుంది.

సంతకాన్ని తిరగదోడటమే కాదు, ఊరివాళ్లను అడగకపోవడం కూడా ఇలాంటి తప్పే. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లిలో గ్రామస్తులు ఏళ్ల తరబడి కాపాడి, బోడి కొండల మీద అడవి పెంచారు. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం అది బంజరే. గాలిమరల కోసం ఆ కొండల్ని తవ్వి రోడ్లు వేసినప్పుడు మేత పోయింది, వాన నీటి దారులు చెదిరాయి. రికార్డులో బంజరని ఉంటే అడగాల్సిన మనిషే లేడనుకోవడం మనకు పాత అలవాటు. పవన విద్యుత్తు శుభ్రమైనదే, దానికి నేను పూచీ. దానికోసం వేసే రోడ్డుకు మాత్రం కాదు.

గాలి వేళలూ మనవి కావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా విరగబడి వీస్తుంది, మార్చి ఏప్రిల్ ఎండల్లో ఏసీలు, మోటార్లు కరెంటు అడిగేటప్పుడు మొహం చాటేస్తుంది. పగటి సౌర విద్యుత్తుతో దాన్ని జోడించి, నీటిని పైకి తోడి దాచే పిన్నాపురం లాంటి పథకాలు రోజులోని ఎగుడుదిగుళ్లను సర్దగలవు. రుతువుల మధ్య ఎడాన్ని అవి పూడ్చలేవు, ఆ లెక్క ఇంకా ఎవరో వేయాలి.

ఉద్యోగాల మాటకొస్తే, గాలిమరలు నడిపేవాళ్లు రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఎంత కరెంటు వస్తుందో ముందే చెప్పాలి. తప్పితే జరిమానా. ఇది వాతావరణ శాస్త్రం, గణితం, ప్రోగ్రామింగ్ మూడూ తెలిసినవాళ్ల పని. తొంభైలలో పెట్టిన చిన్న యంత్రాలు దేశంలో చాలాచోట్ల మంచి గాలి ఉన్న కొండల్ని ఆక్రమించి కూర్చున్నాయి. వాటిని దించి పెద్దవి నిలపాలంటే పునాది, తీగలు, సబ్‌స్టేషన్, పాత యజమానుల వాటాలు, దించిన రెక్కల్ని ఏం చేయాలన్న ప్రశ్న, అన్నీ కొత్తగా చూడాలి. దీనికోసం 2016లో కేంద్రం విధానం తెచ్చింది, 2023లో సవరించింది. పని ఇంకా నత్తనడకనే ఉంది. సివిల్ వాళ్లకూ, ఎలక్ట్రికల్ వాళ్లకూ, లెక్కలు రాసేవాళ్లకూ, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడగలిగినవాళ్లకూ అందులో చోటుంది. బెంగళూరు బస్సు ఎక్కేముందు ఒకసారి మన సీమ కొండలెక్కి చూడండి.