ఉద్యోగం పోయాక వేధింపుల ఫిర్యాదు

పై అధికారి నెలల తరబడి నలుగురి ముందూ అవమానిస్తున్నాడు. ఉద్యోగి ఫిర్యాదు చేశాడు. అది తేలకముందే ఉద్యోగం ఊడింది. మరి ఆ ఫిర్యాదు ఏమవుతుంది?

ఎందరో తెలుగువారు పనిచేస్తున్న ఆస్ట్రేలియాలో ఈ ప్రశ్న తరచూ వస్తుంటుంది. పనిచోట వేధింపులు ఆపమని ఉత్తర్వులిచ్చే అధికారం అక్కడి ఫెయిర్ వర్క్ కమిషన్‌కు 2014 జనవరి 1న వచ్చింది. పదే పదే అనుచితంగా ప్రవర్తించి, ఆరోగ్యానికో భద్రతకో ముప్పు తెస్తే అది వేధింపు. పనితీరు బాగాలేదని పద్ధతిగా మందలిస్తే కాదు.

చిక్కంతా ఒక్క షరతులో ఉంది. జరిగిన వేధింపు రుజువైతే చాలదు, ఇకముందూ కొనసాగే ముప్పుండాలి. 2014లోనే ఒక బ్యాంకు ఉద్యోగిని, అతని దరఖాస్తు నడుస్తుండగానే తొలగించారు. అతను ఇక అక్కడ పనిచేయడు కాబట్టి ముప్పు లేదంటూ కమిషన్ దరఖాస్తును కొట్టేసింది. వేధింపులు ఆపే ఈ అధికారం కింద నష్టపరిహారం ఇప్పించే వీలూ లేదు.

వేరే దారులున్నాయి. ఫిర్యాదు చేసినందుకే తీసేశారని అదే కమిషన్ ముందు వాదించవచ్చు. గడువు మాత్రం 21 రోజులే. మానసికంగా దెబ్బతిన్నవారు కార్మిక పరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మన దేశంలో మాత్రం, పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం బాధితురాలు ఆ సంస్థలో ఉద్యోగినై ఉండాలనదు. కాబట్టి ఉద్యోగం పోయినా ఫిర్యాదుకు వీలుంది, కానీ చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే, ఫిర్యాదును విచారించే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు.